డోర్ నెంబరున్న షామియానా

ఆషాఢం వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. కొత్త పెళ్ళికూతుళ్ళు పుట్టిళ్ళకు చేరతారు, పురోహితులు నడుం వాలుస్తారు, వంటవాళ్ళు గరిటెలు కడిగి బోర్లిస్తారు. లంకలపాలెంలో టెంట్ హౌస్ గనిరాజుకు మాత్రం అప్పుడే ఊపిరాడని పని. ఏడాది పొడుగునా పెళ్ళివారు వదిలిన పప్పుచారు మరకలు, పసుపు చేతులు, ఐస్‌క్రీము చారికలు అన్నీ ఆ నెల్లోనే వదిలించాలి.

ఉతకడం ఒక ఎత్తు, ఆరబెట్టడం ఒక ఎత్తు. షామియానా ఏమన్నా లుంగీయా, దండెం మీద పడేయడానికి! మడతలో కాస్త తడి మిగిలితే చాలు, బూజు పట్టి నల్లమచ్చలు తేలతాయి. మచ్చలున్న గుడ్డ కింద తాళి కట్టనిచ్చే మామగారు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. అందుకని వాన తెరిపిచ్చినప్పుడల్లా గోడౌను పక్క ఖాళీ స్థలంలో గుంజలు నిలబెట్టి, తాళ్ళు బిగించి, అచ్చం పెళ్ళి జరుగుతున్నట్టే షామియానా వేసి ఆరబెట్టడం గనిరాజు తండ్రి నాటి నుంచీ ఉన్న పద్ధతి. దాని కింద పెళ్ళీ ఉండదు, పేరంటమూ ఉండదు. వీధికుక్క ఒకటి వచ్చి పడుకునేది, అంతే.

కిందటి ఆషాఢంలో మునిసిపాలిటీ వారు ఊరి మీద డ్రోను ఎగరేశారు. పన్ను కట్టని కట్టడాలను ఆకాశం నుంచి కనిపెట్టడం అప్పట్లో కొత్త మోజు. డ్రోనుకు పంచాంగం తెలియదు. ఎర్రచారల తెల్లటి పైకప్పు విశాలంగా కనిపించింది, ఫోటో తీసుకుంది, పోయింది.

ఏడాది తిరిగేసరికి గనిరాజుకు నోటీసు వచ్చింది. ఆయన ఖాళీ స్థలంలో అనుమతి లేకుండా నిర్మించిన కల్యాణ మండపానికి పన్ను కట్టలేదట. మండపం ఎప్పుడు కట్టారో రికార్డుల్లో లేదు కనుక, మునిసిపాలిటీ పుట్టిన రోజునే కట్టినట్టు భావించి, అప్పటి నుంచీ పన్ను, పన్నుకు జరిమానా, జరిమానాకు వడ్డీ వేశారట. చివర్న ఉన్న అంకె చూసి గనిరాజుకు కళ్ళు బైర్లు కమ్మాయి. టెంట్లూ కుర్చీలూ గుండిగలూ, వాటితో పాటు గనిరాజునూ కలిపి వేలం వేసినా అందులో సగం రాదు. ఆషాఢ అమావాస్యలోగా తేల్చుకోకపోతే గోడౌనుకు సీలు వేస్తారట.

"శ్రావణంలో అన్ని పెళ్ళిళ్ళు ఒప్పుకుని అడ్వాన్సులు తిన్నాం గదయ్యా!" అంది భార్య నాగరత్నం, గుండె మీద చెయ్యేసుకుని. "విదియనాడు బుల్లెమ్మగారి మనవరాలి పెళ్ళి. గోడౌనుకి సీలేస్తే పెళ్ళికొడుకుని గొడుగు కింద కూచోబెడతామా?"

"ఊరుకోవే రత్నం. అది టెంటని చెప్పేసొత్తాను. అరగంట పని" అన్నాడు గనిరాజు, చొక్కా తొడుక్కుంటూ.

పాపం, అరగంట అనుకున్నాడు.

రెవిన్యూ ఆఫీసరు పద్మనాభం గనిరాజుకు కొత్తవాడేం కాదు. ఆయన కొడుకు పెళ్ళికి వేసిందీ గనిరాజు టెంటే. ఎదురుపడితే 'ఏవయ్యా గనిరాజూ' అని పలకరించే మనిషి. ఈసారి మాత్రం గుమ్మంలో గనిరాజును చూస్తూనే చెయ్యెత్తి ఆపాడు.

"గౌరవ పన్ను చెల్లింపుదారు గారూ, ఒక్క నిమిషం" అని సొరుగు లాగి, దూది ఉండలు రెండు తీసి, చెరో చెవిలోనూ శ్రద్ధగా పెట్టుకున్నాడు. "ఇప్పుడు మాట్లాడవచ్చును."

"అయ్యా, అది మండపం కాదండి. టెంటండి. ఉతికి ఆరబెట్టుకున్నానండి!"

"మీరు చెప్పినది నాకు వినబడలేదు" అన్నాడు పద్మనాభం తృప్తిగా. "వినబడకుండుటకే ఈ ఏర్పాటు. మునిసిపల్ ఆసుపత్రి వారు ప్రత్యేకముగా సరఫరా చేసిన దూది."

తర్వాత ఆయనే వివరించాడు. కిందటేడు ఎవడో దళారి వచ్చి, పన్ను బకాయిలు మాఫీ చేయిస్తానని ఊళ్ళో సగం మంది దగ్గర డబ్బులు దండుకుని ఉడాయించాడు. ఆ తర్వాత కమిషనరుగారు పట్నంలో ఏసీ హోటల్లో శిక్షణకు వెళ్ళి, జనం బాధలకు అసలు కారణం కనిపెట్టి వచ్చారు. పన్ను తప్పుగా వేయడం సమస్య కాదు. పన్ను గొడవ తీర్చుకోవడానికి తప్పు మనిషిని ఎంచుకోవడం సమస్య. అందుచేత ఇకమీదట బకాయిదారుడెవరూ ఆఫీసుతో నేరుగా మాట్లాడకూడదు. మాట్లాడినా ఆఫీసు వినకూడదు. అర్హతగల నిపుణుణ్ణి ఎంచుకుని, ఆయన నోటితోనే మాట్లాడించాలి. ఈ సంగతి ప్రజల బుర్రలోకి ఎక్కించడానికి 'సరైన నిపుణుణ్ణి ఎంచుకుందాం' పక్షోత్సవాలు కూడా మొదలయ్యాయి. చెత్తబండి పాట మార్చారు. పొద్దున్నే ఇంటిముందు ఆగి, తడిచెత్త పొడిచెత్త మాట మానేసి, నిపుణుణ్ణి ఎంచుకోమని పాడుతోంది. చెత్త ఎత్తడం మర్చిపోయి వెళ్ళిపోతోంది.

"కనీసము ముగ్గురు అభ్యర్థులు. బహిరంగ ఇంటర్వ్యూ. ఎండకు, వానకు తట్టుకొను తగిన వేదిక. మునిసిపాలిటీ పక్షమున పరిశీలకుడు హాజరై మార్కులు వేయును" అని చదివాడు పద్మనాభం. "పరిశీలకుడను నేనే. రాకపోకల ఖర్చు, అల్పాహారము మీవి."

గనిరాజు గుండె మీద చెయ్యి పెట్టుకుని, తర్వాత తనవైపు వేలు చూపించుకుని, ఎంపికలో నా మాటేమిటని సైగ చేశాడు.

"పన్ను చెల్లింపుదారుని అభిప్రాయమునకు మార్కులు లేవు. అర్హత లేనివాడు అర్హుని నిర్ణయించుట అశాస్త్రీయము."

ఎండకూ వానకూ తట్టుకునే వేదిక ఊళ్ళో అద్దెకిచ్చేది గనిరాజు ఒక్కడే. కనుక గనిరాజు తన ఖాళీ స్థలంలోనే తన పెద్ద షామియానా వేసుకున్నాడు. కుర్చీలేశాడు, బల్ల మీద తెల్లదుప్పటి పరిచాడు, పెసరట్టు ఉప్మా తెప్పించాడు. పద్మనాభం వచ్చి కూర్చుని, చుట్టూ చూసి, గాలి బాగా ఆడుతోందన్నాడు.

"చక్కని మండపము. పన్ను కట్టినచో ఇంకను శోభించును."

"అయ్యా, ఇది టెంటండి! అదుగో తాడండి! ఇదుగో గుంజండి!" అని గనిరాజు గుంజ పట్టుకుని ఊపాడు. పైకప్పంతా ఊగింది. పద్మనాభం చెవుల్లో దూది సర్దుకుని పెసరట్టు మీద దృష్టి పెట్టాడు.

మొదటి అభ్యర్థి ఆడిటరు కామేశ్వరి. నడివయసు మనిషి. స్కూటరు దిగి, హెల్మెట్టు చంకలో పెట్టుకుని లోపలికి వచ్చింది. పైకి చూసింది, తాడు పట్టుకు లాగి చూసింది, నోటీసు చదివింది.

"గనిరాజుగారూ, మండపం అన్నది దీన్నేనా?"

"దీన్నేనండి."

"దీనికి ఇంత గొడవేంటండీ? అర్జీ ఒకటి, టెంటు విప్పేసిన స్థలం ఫోటో ఒకటి జతచేస్తే వారంలో కొట్టేస్తారు. నేను..."

"ఆగుడు!" అన్నాడు పద్మనాభం. ఇంటర్వ్యూ ప్రశ్నలకు జవాబులు వినడం కోసం ఒక చెవిలో దూది తీశాడు గానీ, ఈ జవాబు ఆయన ప్రశ్నల్లో లేదు. "ఎంపిక కాకమునుపే కేసును పరిష్కరించుట నియమ విరుద్ధము. అడిగినదానికి మాత్రమే సమాధానము. ఇప్పటివరకు ఎన్ని పన్ను బకాయి కేసులలో అనుభవము గలదు?"

కామేశ్వరి నోటీసు మడిచి బల్ల మీద పెట్టింది. "ఒక్కటీ లేదండి. నా దగ్గరికొచ్చే వాళ్ళకి బకాయిలు పడనివ్వను. తేడా వస్తే ముందే సరిచేయించేస్తాను."

"బకాయి అనుభవము, సున్న" అని పద్మనాభం గట్టిగా చదువుకుంటూ మార్కు వేశాడు. ఇన్నేళ్ళ వృత్తిలో ఒక్క బకాయి కూడా చూడని మనిషి ఆడిటరెలా అయిందా అని ఆయనకు నిజంగానే జాలేసింది.

రెండో అభ్యర్థి హైదరాబాదు నుంచి తెరమీద దర్శనమిచ్చాడు. ఆ తెర కూడా గనిరాజుదే. కోటు తొడుక్కున్న కుర్రాడు, రెండు చేతులూ చాచి నవ్వాడు.

"బకాయి అంటే భయం కాదు గనిరాజ్ జీ, అదొక అవకాశం! కళ్ళు మూసుకోండి. మీ బకాయిని ఒక చిన్నపాపలా ఊహించుకోండి. దాన్ని దగ్గరికి తీసుకోండి..."

"ఆ అంకె సూత్తే చిన్నపాపలా లేదండి బాబూ" అన్నాడు గనిరాజు.

కుర్రాడు వెండి ప్యాకేజీ, బంగారు ప్యాకేజీ, వజ్రాల ప్యాకేజీ గురించి చెప్పాడు. వజ్రాల ప్యాకేజీలో బకాయి ఎలాగూ పోదు గానీ, మనిషికి బకాయి ఉందన్న స్పృహ పోతుందట. అంతలో కరెంటు పోయింది. ఆయన అర్హత అక్కడితో ఆగిపోయింది.

మూడో అభ్యర్థి రిటైరయిన రెవిన్యూ ఇన్‌స్పెక్టరు నేమాని ఆంజనేయులు. తెల్ల పంచె, జేబులో నాలుగు పెన్నులు. పద్మనాభం లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"బకాయిల్లో తమ అనుభవము?"

"ఈ ఊళ్ళో ఉన్న బకాయిల్లో సగం నా చేతిమీదుగా రాసినవే" అన్నాడు ఆంజనేయులు వినయంగా. "రిటైరయ్యాక కూడా ఊరుకోలేదు, మునిసిపాలిటీకే కన్సల్టెంటుగా చేరాను. డ్రోను తెచ్చిన ఫోటోలన్నీ చూసి, ఏది ఏ కట్టడమో తేల్చింది నేనే. ఈ మండపం కూడా నేనే గుర్తుపట్టాను."

నాగరత్నం కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచింది. "అంటే ఈ చిచ్చు పెట్టింది నువ్వేనా, పెద్దమనిషీ!"

"ఈ బకాయి గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాడు భూప్రపంచంలో లేడమ్మా" అన్నాడు ఆంజనేయులు, కోపం తెచ్చుకోకుండా.

ఆ మాట కాదనడానికి లేదు. పద్మనాభం పూర్తి మార్కులు వేసి, నియమం ప్రకారం చప్పట్లు కొట్టాడు. కామేశ్వరి హెల్మెట్టు పెట్టుకుని, గనిరాజు వైపు ఒకసారి చూసి, స్కూటరెక్కి వెళ్ళిపోయింది.

"వంటమనిషి కావాలని చెప్పి, కొంపకి నిప్పెట్టినోణ్ణి తెచ్చుకున్నట్టుంది" అని నాగరత్నం ఆ సాయంత్రమంతా గిన్నెల మీద విసుక్కుంది. "ఆవిడ ఒక్కమాటలో తేల్చేసింది. ఆ మాట ఈయన చెవిలో దూరకుండా ఆ దూదొకటి! నా చేతికి దొరకాలి గానీ ఆ దూదిని..." ఆ తర్వాత ఏమందో ఇక్కడ రాయడం బాగుండదు.

ఆంజనేయులు ఫీజు బకాయిలో ఇంత శాతమని మాట్లాడుకున్నాడు. కనుక బకాయి తప్పని వాదించే ఆలోచన ఆయనకు కలలో కూడా రాలేదు.

"ఉన్న మండపాన్ని లేదనడం రికార్డును ధిక్కరించడం, గనిరాజూ. ధిక్కరిస్తే కోర్టు. కోర్టంటే నీ మనవళ్ళు తిరగాలి. ఉన్నదాన్ని లేకుండా చేయడం మాత్రం చట్టం. స్వచ్ఛంద కూల్చివేత పథకం ఉంది. అక్రమ కట్టడాన్ని మనమే ఒప్పుకుని, కూల్చమని అర్జీ పెడితే, కూల్చిన రోజున బకాయి మొత్తం రద్దు."

"కూల్చడానికి అక్కడ ఏముందండీ?"

"మండపం ఉంది" అన్నాడు ఆంజనేయులు ఓపిగ్గా. "మనం అలాగే రాశాం గదా."

కూల్చాలంటే ఆర్డరు కావాలి. ఆర్డరు కావాలంటే కట్టడానికి డోర్ నెంబరుండాలి. డోర్ నెంబరు ఇవ్వాలంటే డోరుండాలి. గనిరాజు గోడౌనులోంచి పెళ్ళివారి స్వాగతద్వారం తెచ్చి ముందు నిలబెట్టాడు. ఉద్యోగి వచ్చి దాన్ని కొలిచి, ఏడు డాష్ మూడు డాష్ నలభై ఒకటి అని నెంబరిచ్చాడు. గుడ్డ మీద ఎర్రరంగుతో రాయబోతుంటే నాగరత్నం అడ్డం పడింది. మరక వదలదని గోలపెట్టి, నల్లగుడ్డ మీద తెల్ల అంకెలు తనే కుట్టి, షామియానా ముందు అంచున వేలాడే జాలరుకు అతికించింది. కూల్చేదాకా ఆ నెంబరు తీయడం నేరమని ఉద్యోగి హెచ్చరించి వెళ్ళాడు. పక్షోత్సవాల ఆఖరి రోజు, అంటే ఆషాఢ అమావాస్యనాడు పదకొండింటికి కూల్చివేత అని ఆర్డరు వచ్చింది.

గనిరాజు ఊపిరి పీల్చుకున్నాడు. కూల్చివేత వాళ్ళొచ్చేవేళకు టెంటు వేసి ఉంచితే, తాడు విప్పి పడేసుకుంటారు, కాగితం మీద సంతకం పెట్టి పోతారు. బుల్లెమ్మగారి మనవరాలి పెళ్ళికి ఇంకా వ్యవధి ఉంది.

అంతలో పద్మనాభం మనిషిని పంపి గనిరాజును పిలిపించాడు.

"అమావాస్యనాడు పదకొండు గంటలకు హైస్కూలు గ్రౌండులో పక్షోత్సవ ముగింపు సభ. నిపుణుల ఎంపికలో జిల్లాకే ఆదర్శముగా నిలిచినందుకు కమిషనరుగారికి సన్మానము. ఉత్తమ నిపుణునిగా ఆంజనేయులుగారికి శాలువా. ఆనాడు మేము కూర్చున్న ఆ పెద్ద మండపమే కావలెను. అదే వేయవలెను. వేరొకటి వద్దు."

"అయ్యా, అదే రోజు, అదే టైముకి దాన్ని కూల్చమని మీరే ఆర్డరిచ్చారు గదండీ!"

పద్మనాభం చెవులు చూపించాడు. దూది తెల్లగా మెరిసింది.

గనిరాజు ఆంజనేయులు ఇంటికి పరుగెత్తాడు. ఆయన సన్మానానికి పంచె ఇస్త్రీ చేయించుకుంటున్నాడు.

"కూల్చివేత విషయంలో నేను నీ నిపుణుణ్ణి, గనిరాజూ. సభ విషయంలో కాదు. అది వేరే విషయం. దానికి మళ్ళీ ముగ్గుర్ని పిలిచి ఎంపిక చేసుకో."

దారిలో గనిరాజుకు ఏడుపొక్కటే తక్కువ. సభకు వేయకపోతే మునిసిపాలిటీతో తగాదా. వేస్తే కూల్చివేత ఆగి, తెల్లారి గోడౌనుకు సీలు. లేదా వాళ్ళు బుల్డోజరుతో వచ్చి నిజంగానే గుడ్డ చీల్చేస్తే శ్రావణమంతా మటాష్. కాళ్ళు వాటంతటవే కామేశ్వరి ఇంటి ముందు ఆగాయి.

ఆవిడ అరుగుమీద కూర్చుని కథంతా వింది. చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా విన్నందుకే గనిరాజుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ ఆర్డరు ఏదీ, చూపించండి" అంది. చదివి, ఇంకోసారి చదివి, పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. "ఇందులో చిరునామా లేదండి గనిరాజుగారూ. డోర్ నెంబరొక్కటే ఉంది. ఆ నెంబరున్న కట్టడం ఎక్కడుంటే అక్కడ కూల్చమని."

"అంటే?"

"అంటే మీరు సభకి వేసేయండి. మీరు చెప్పాల్సింది చెప్పారు, వాళ్ళు వినలేదు. తాళ్ళకి మాత్రం బిర్రుముడులు వేయకండి. జారుముడులు వేయండి. గుంజకి ఒక మనిషిని నిలబెట్టండి, ఎవరి తలమీదా పడకూడదు."

గనిరాజుకు అర్థమవడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక ఆర్డరు మడిచి భద్రంగా జేబులో పెట్టుకున్నాడు.

"మీకేం ఇచ్చుకోమంటారండీ?"

"వినాయక చవితికి మా వీధి పందిరికి కుర్చీలు పంపండి, చాలు."

అమావాస్యనాడు సభేమిటని పద్మనాభానికి లోపల బెరుకుగానే ఉంది గానీ, కమిషనరుగారు అలాంటివి పట్టించుకోని మనిషి. పొద్దుటి నుంచీ సన్నటి జల్లు. హైస్కూలు గ్రౌండులో పెద్ద షామియానా, ముందు స్వాగతద్వారం, జాలరు మీద నాగరత్నం కుట్టిన నెంబరు. వేదిక మీద కమిషనరు, పద్మనాభం, శాలువా కప్పుకుని ఆంజనేయులు. కింద చెత్తబండి సిబ్బందినీ, నోటీసులందుకున్న బకాయిదారులనూ పిలిచి కూర్చోబెట్టారు. ప్రతి గుంజ దగ్గరా గనిరాజు మనిషి ఒకడు నిలబడ్డాడు. ఎంత శ్రద్ధ అని కమిషనరు మెచ్చుకున్నాడు కూడా.

సరిగ్గా కమిషనరు మైకు అందుకున్నప్పుడు బుల్డోజరు వచ్చి గేటు దగ్గర ఆగింది. కూల్చివేత దళం నాయకుడు సింహాద్రి ఆర్డరు పట్టుకుని దిగాడు. ముందు గనిరాజు ఖాళీ స్థలానికి వెళ్ళి, అక్కడ కుక్క తప్ప ఏమీ లేకపోయేసరికి, ఊరంతా అడుగుతూ వచ్చాడు. ఒక కట్టడం నిన్న ఒకచోట, ఇవాళ ఒకచోట ఎలా ఉంటుందన్న అనుమానం ఆయనకు రాలేదు. అనుమానాలు ఆయన విభాగం కాదు. ఆర్డరులో నెంబరు చూశాడు, జాలరు మీద నెంబరు చూశాడు. రెండూ ఒకటే.

గనిరాజు ఎదురెళ్ళాడు. "బాబుగారూ, లోపల కమిషనరుగారున్నారండి."

"నువ్వు బకాయిదారుడివి. నాతో మాట్లాడకూడదు" అంటూ సింహాద్రి జేబులోంచి దూది తీశాడు.

"అయితే ఇనకండి, సూడండి." గనిరాజు బుల్డోజరు వైపు చేతులు జోడించి, తాళ్ళవైపు చూపించి, ముడి విప్పుతున్నట్టు సైగ చేశాడు. ఆ ఇనుప పళ్ళు ఒక్కసారి తగిలాయంటే తండ్రి నాటి నుంచి పెంచుకున్న వ్యాపారం పేలికలైపోతుంది. పేలికలు చూసి బుల్లెమ్మగారు ఏమనుకుంటుందోనన్నదే అతని భయం.

సింహాద్రి బుల్డోజరు డీజిలు ఖర్చు లెక్క వేసుకుని తలూపాడు.

"సరైన నిపుణుణ్ణి ఎంచుకున్నవాడి నెత్తిమీద పైకప్పు ఎన్నటికీ..." అంటున్నాడు కమిషనరు మైకులో.

గనిరాజు ఈలవేశాడు. జారుముడులన్నీ ఒక్కసారి జారాయి. మనుషులు గుంజలు పట్టుకుని మెల్లగా వాల్చారు. ఎర్రచారల తెల్లటి కప్పు, మీద నిలిచిన వాననీటితో సహా, ఉస్సురంటూ వచ్చి సభాసదుల మీద కూర్చుంది. వేదిక మీద మూడు బుడిపెలు, కింద చాలా బుడిపెలు. మైకు మాత్రం పనిచేస్తూనే ఉంది. గుడ్డ కింద నుంచి కమిషనరు గొంతు, "ఎవరది? ఎవరు? పద్మనాభం, వినబడుతోందా?" అని అడిగింది. పద్మనాభానికి వినబడలేదు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. బకాయిదారులు మాత్రం గుడ్డ కిందే చాలాసేపు నవ్వుతూ చప్పట్లు కొట్టారు. మునిసిపాలిటీ సభలో వాళ్ళు మనసారా చప్పట్లు కొట్టింది ఆ ఒక్కసారే.

సింహాద్రి తడిసిన గుడ్డ చుట్టూ ఒకసారి తిరిగి, కట్టడం పూర్తిగా నేలమట్టమైందని రాసి, గుడ్డ కింద చెయ్యి పెట్టి పద్మనాభం చేత అక్కడే సంతకం పెట్టించుకున్నాడు. ఏ కాగితమో చూడకుండా సంతకం పెట్టడం పద్మనాభానికి సర్వీసంతా అలవాటే. కాగితం గనిరాజు చేతికొచ్చింది. బకాయి రద్దు. గోడౌనుకు సీలు లేదు. రద్దయిన బకాయిలో శాతమంటే ఏమీ కాదని, పథకం చెప్పిన తనకే అప్పటికి గానీ తట్టక, ఆంజనేయులు శాలువా కప్పుకుని ఒంటరిగా నడిచి వెళ్ళిపోయాడు.

నాగరత్నం నెంబరు గుడ్డ పీకి పారేసి, తడిసిన షామియానాను చేత్తో తడిమి తలపట్టుకుంది. "ఎల్లుండి పెళ్ళయ్యా! ఇదంతా ఎక్కడ ఆరబెడతాం? మన స్థలంలో వేస్తే మళ్ళీ మండపమంటారు."

మర్నాడు శ్రావణ పాడ్యమి, ఎండ విరగకాసింది. కూల్చిన ఆర్డరు మునిసిపాలిటీదే కనుక సభ సంగతి అక్కడ ఎవరూ ఎత్తడం లేదు. గనిరాజు తిన్నగా పద్మనాభం దగ్గరికి వెళ్ళాడు. పద్మనాభం అలవాటుగా సొరుగు లాగి, అంతలో గుర్తొచ్చి ఆగాడు. గనిరాజిప్పుడు బకాయిదారుడు కాడు. ఆయన దూది పక్కన పెట్టి చాలా రోజులకు మనిషిలా నవ్వాడు.

"ఏవయ్యా గనిరాజూ! చెప్పు, వింటాను."

"ఏం లేదండి. నిన్న మీ సభలో తడిసిన గుడ్డ గదండీ. ఈ ఒక్కపూటా మీ ఆఫీసు ఆవరణలో ఆరబెట్టుకుంటానండి."

"ఓస్, దానికేం! వేసుకో."

మునిసిపల్ ఆఫీసు ఆవరణలో షామియానా నిలబడింది. గుడ్డ గలగలా ఆరింది. మధ్యాహ్నం వేళ ఆకాశంలో ఏదో తుమ్మెదలా రొద చేస్తూ రెండుసార్లు చుట్టూ తిరిగి పోయింది. గనిరాజు తల పైకెత్తి చూసి, ఇంకో తాడు బిగించాడు.

విదియనాడు బుల్లెమ్మగారి మనవరాలి పెళ్ళి మచ్చలేని గుడ్డ కింద జరిగింది. శ్రావణంలో ఒక్క పెళ్ళి కూడా ఆగలేదు.

శ్రావణం వెళ్ళాక ఒక ఉదయం పద్మనాభం రొప్పుతూ టెంట్ హౌసుకు వచ్చాడు. ఆయన చేతిలో నోటీసు ఉంది. మునిసిపల్ కార్యాలయ ఆవరణలో అనుమతి లేకుండా నిర్మించిన అదనపు మండపానికి పన్ను బాకీ పడ్డందుకు, మునిసిపాలిటీ పుట్టిన రోజు నుంచీ లెక్కగట్టి, కమిషనరుగారి పేరున వచ్చిన నోటీసు. వారంలోగా తేల్చుకోకపోతే ఆఫీసుకు సీలు.

"గనిరాజూ, బాబ్బాబు! అది మండపం కాదు, టెంటని నువ్వొక్క మాట చెప్పవయ్యా! టెంటు నీది. నువ్వు చెబితే..."

గనిరాజు అప్పుడే పెళ్ళినుంచి తిరిగొచ్చిన బాలీసు దిండ్లు సర్దుతున్నాడు. ఒకటి చిరిగి ఉంది. అతను అందులో చెయ్యి పెట్టి, రెండు దూది ఉండలు తీసి, చెరో చెవిలోనూ శ్రద్ధగా పెట్టుకున్నాడు.

నాగరత్నం ముందుకొచ్చి, కుర్చీ తుడిచి వేసింది. "కూచోండి బాబుగారూ. ఇంటర్వ్యూలకి టెంటు కావాలేంటండీ? అద్దె మాత్రం ముందే ఇవ్వాలండి."